పొదుగు గట్టిపడక మునుపే – తాగుడు జబ్బుకు సకాలంలో వైద్యం

(కాసిపేటలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టర్లమైన మేము సంఘానికి వచ్చామంటే లెక్కలు, తీర్మానాల పుస్తకం, వాటాధనం, బకాయిలు – ఇవే మాట్లాడతామని మీకు తెలుసు. ఈ రోజు కూడా లెక్కల నుంచే మొదలుపెడతాము. ఆ లెక్కలలో మాకు తరచు కనబడే ఒక జబ్బు ఉన్నది. అది తాగుడు జబ్బు. తాగవద్దని నీతులు చెప్పడానికి మేము రాలేదు. అవి మీరు చాలా విన్నారు. మేము చెప్పదలచినది ఒకే మాట. తాగుడు అలవాటు జబ్బుగా మారుతున్నదని మొదటి గుర్తు కనబడగానే డాక్టరు దగ్గరకు పోవాలి. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తేవద్దు.

పాల లెక్క ముందుగా చెబుతుంది

కాసిపేట చుట్టుపక్కల చాలా ఇళ్ళకు రెండు రాబడులు. ఒకటి బాయి జీతం, లేకపోతే దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ పని. రెండవది పాల బిల్లు. జీతం నెలకొకసారి పెద్ద మొత్తంగా వస్తుంది. అందులో కొంత తాగుడుకు పోయినా మొదట్లో ఇల్లు గడిచిపోతుంది. అందుచేత జీతం ఉన్న ఇంట్లో ఈ జబ్బు చాలా కాలం బయటపడదు. పాల బిల్లు అట్లా కాదు. అది చిన్నది, పదిహేను రోజులకొకసారి వచ్చేది. దాణా, కిరాణా, పిల్లల పుస్తకాలు దాని మీదనే నడుస్తాయి. మొదటి దెబ్బ దానికే తగులుతుంది.

గేదె ఈనిన తేదీ, వట్టిపోయే కాలం తెలిసినవారికి పాలు ఎందుకు తగ్గినవో రిజిస్టరు చూస్తేనే అర్థమవుతుంది. వేసవిలో అందరి పాలూ తగ్గుతాయి. ఒక్క ఇంటి పాలే తగ్గితే, అదీ సాయంత్రం పూట ఎక్కువగా తగ్గితే, ఆ వేళకు పితికే మనిషి ఇంటిపట్టున ఉండడం లేదేమోనని ఆలోచించాలి. తరువాత దాణా బాకీ పెరుగుతుంది. మేపు తక్కువై పాల దిగుబడి పడిపోతుంది. లాక్టోమీటరు రీడింగు తగ్గి, నీళ్ళు కలుస్తున్నాయని టెస్టరు అంటాడు. బిల్లు రాకముందే అడ్వాన్సు అడుగుతారు. సభ్యత్వం భార్య పేరున ఉంటే, డబ్బుకు మాత్రం భర్త వస్తాడు.

ఈ గుర్తులు కనబడిన ప్రతి ఇంట్లో తాగుడే ఉన్నదని మేము అనము. పశువుకు జబ్బు చేసి ఉండవచ్చు, ఇంటావిడకు ఒంట్లో బాగుండకపోవచ్చు. కాని మంచిమాటగా అడిగి తెలుసుకోవలసిన సమయం మాత్రం అదే.

పొదుగువాపు నేర్పిన పాఠం

పాడి రైతులకు ఈ విషయం ఒకరు చెప్పనక్కరలేదు. పొదుగువాపు రెండు రకాలని పశువైద్యులు మీకు చెప్పే ఉంటారు. ఒకటి పైకి కనబడేది. పొదుగు ఎర్రబడి, వేడెక్కి, పాలలో గడ్డలు వస్తాయి. రెండవది లోపల దాగి ఉండేది. పొదుగు చక్కగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి మాత్రం తగ్గుతుంది. పరీక్ష మందు కలిపితే పాలు జిగురుగా చిక్కబడి అసలు సంగతి బయటపెడతాయి. ఆ దశలో చూపించుకున్న గేదె నిలబడుతుంది. పొదుగు గట్టిపడి రాయి అయినాక ఎంత మంచి డాక్టరు వచ్చినా ఆ చనుకట్టులో పాలు తెప్పించలేడు.

మనిషి కాలేయం కూడా ఇంతే. తాగుడు వలన మొదట కాలేయానికి కొవ్వు పడుతుంది. ఆ దశలో మానివేస్తే కొన్ని వారాలలోనే చాలావరకు మామూలు స్థితికి వస్తుంది. మానకపోతే వాపు, ఆ తరువాత కాలేయం మచ్చలుపడి గట్టిపడిపోవడం జరుగుతుంది. దానినే సిరోసిస్ అంటారు. అప్పుడు మానినా మేలే, ఆయుష్షు పెరుగుతుంది. కాని గట్టిపడినది తిరిగి మెత్తబడడం అరుదు.

నాలుగు ప్రశ్నలు

పాలకు పరీక్ష ఉన్నట్లే దీనికీ ఒక చిన్న పరీక్ష ఉన్నది. అమెరికాలో జాన్ ఈవింగ్ అనే డాక్టరు రూపొందించిన నాలుగు ప్రశ్నలు 1984లో వైద్య పత్రికలో వచ్చాయి. నేటికీ డాక్టర్లు వాటిని వాడుతున్నారు. వాటి సారాంశం మన మాటల్లో ఇది:

తాగుడు తగ్గించుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే కోపం వచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్లు మనసులో బాధ కలిగిందా? పొద్దున లేవగానే చేయి వణకకుండా ఉండడానికో, తలనొప్పి పోవడానికో ఒక గుక్క వేసుకున్నారా?

వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే డాక్టరును కలవవలసిందే. నాలుగవదానికి అవునంటే రేపటి దాకా కూడా ఆగవద్దు. ఈ ప్రశ్నలు ఎవరికి వారు వేసుకోవలసినవి. సంఘం గద్దె మీద కూర్చుని ఇంకొకరిని నిలదీయడానికి కాదు.

రెండు ఇళ్ళ కథ

మేము తనిఖీకి వెళ్ళే సంఘాలలో రెండు ఇళ్ళ సంగతి చెబుతాము. ఊరు, పేరు చెప్పము.

మొదటి ఇంట్లో మూడు గేదెలు. ఇంటాయన బాయిలో రెండో షిఫ్టు. మూడు బిల్లులు వరసగా తగ్గుతూ వచ్చినవి. కార్యదర్శి అడిగితే ఇల్లాలు, “గడ్డి దొరుకుతలేదు సారూ” అన్నది. ఆ కార్యదర్శి తెలివైనవాడు. నలుగురిలో రెట్టించలేదు. మరునాడు తన భార్యను వాళ్ళింటికి పంపాడు. ఆడవాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాక అసలు విషయం తెలిసింది. ఆ నెలలోనే ఆయన కంపెనీ ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పుకున్నాడు. సిక్‌లో ఉండి మందులు వాడాడు, తిరిగి డ్యూటీకి ఎక్కాడు. అయిదో నెలలో ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. సిగ్గుపడి దాక్కోకుండా మళ్ళీ డాక్టరు దగ్గరకే పోయాడు. ఇప్పుడు ఆ ఇంటి పాలు రెండు పూటలా సరిగా వస్తున్నవి.

రెండవ ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ కదిలించలేదు. “వాడి సంసారం వాడిది” అన్నారు. అడ్వాన్సులు పెరిగినవి. మస్టర్లు తక్కువై ఛార్జిషీటు వచ్చింది. ఒకటొకటిగా గేదెలు అంగడికి పోయినవి. చివరకు ఒక రాత్రి రక్తపు వాంతి అయితే బండి కట్టించుకుని పట్నం పెద్దాసుపత్రికి పరుగెత్తారు. మనిషి దక్కలేదు. సంఘం పుస్తకంలో ఆ కుటుంబం బాకీ ఇంకా కనబడుతున్నది. భార్య ఇప్పుడు ఇంకొకరి గేదెలకు గడ్డి కోస్తున్నది.

రెండు ఇళ్ళలో వచ్చినది ఒకే జబ్బు. ఒక ఇంటివారు గుర్తు కనబడగానే పోయారు. రెండవవారిని ఆపద తీసుకుపోయింది.

ఎందుకు ఆలస్యం చేస్తున్నాము?

ఇది మన ఊరి సంగతే అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతటా చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యం వలన చిక్కుల్లో పడి సహాయం అవసరమైనవారు సుమారు 5.7 కోట్లని అందులో లెక్కగట్టారు. మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు తేలింది. మిగిలిన 37 మందిని ఆపుతున్నవి ఏమిటి? మాకు తెలిసినంతలో ముఖ్యంగా మూడు.

మొదటిది సిగ్గు. పిచ్చి డాక్టరు దగ్గరకు పోయాడంటారన్న భయం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వలన కలిగే మానసిక స్థితులను కూడా జబ్బుల కిందనే చేర్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చెప్పింది. చక్కెర జబ్బుకు పోయినట్లే దీనికీ పోవచ్చును.

రెండవది ఒట్టు మీద నమ్మకం. “నేను తలచుకుంటే రేపే మానేస్తా” అనే మాట. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివారిని మనం ఏటా చూస్తున్నాము. ఆ నియమం గొప్పది. మాల తీసిన తరువాత మళ్ళీ మొదలైతే, ఆ మనిషిని బలహీనుడని తిట్టి లాభం లేదు. జబ్బుకు వైద్యం జరగలేదని తెలుసుకోవాలి. ఇంకొక జాగ్రత్త. ఏండ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే ప్రమాదం ఉన్నది. కొన్ని గంటలలో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చు. ఆ తరువాత లేనివి ఉన్నట్లు కనబడి, మనిషి ఒళ్ళు తెలియకుండా మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అటువంటివారు మాల వేసుకునే ముందే డాక్టరుకు చూపించుకోవాలి.

మూడవది రహస్యపు మందులు. తాగుడు మాన్పిస్తామని పొడులు, మాత్రలు అమ్మేవారు ఉన్నారు. అవి భర్తకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు. అయితే డైసల్ఫిరామ్ వంటి మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండెదడ వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. రోగికి చెప్పి, అతని ఒప్పుదలతో, డాక్టరు ఇచ్చినప్పుడే అది మందు.

దుకాణం మూతపడిన రోజున

ముందుగా పోకపోతే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే రెండు సార్లు చూశాము.

2015 సెప్టెంబరులో అప్పటి మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి, సరఫరా తగ్గింది. ఆ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలుపుతూ వచ్చారు. తాగేవారికి తాము కల్లుకు అలవాటుపడ్డామనే తెలుసు. ఆ మందులకు ఒళ్ళు బానిసైనదని తెలియదు. అవి అందక వందల మంది వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లు చల్లదనమనుకుని తాగిన ఆడవాళ్ళు కూడా వారిలో ఉన్నారు.

2020 మార్చి చివరలో కరోనా లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు మూసినప్పుడు ఇదే మళ్ళీ జరిగింది. కొద్ది రోజులలోనే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. బస్సు లేదు, రైలు లేదు. అటువంటి రోజులలో జిల్లాలలో ఉన్నవారి అవస్థ చెప్పనక్కరలేదు. అంతకు ఆరు నెలల ముందే, బస్సులు నడిచే రోజులలోనే చూపించుకుని ఉంటే ఎంతో సులువుగా పోయేది.

అయితే దుకాణాలే లేకుండా చేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మారుమోగింది. ఉద్యమం పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు. వాళ్ళు దుకాణం మీద చేయవలసినది చేశారు. ఇంట్లో అప్పటికే జబ్బుపడిన మనిషికి వైద్యం చేయించడం వేరే పని. చట్టాలు వస్తాయి, పోతాయి. ఆ పని మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉన్నది.

వైద్యం ఎట్లా ఉంటుంది?

చాలామందికి దీని గురించి తెలియకనే భయం. మొదట డాక్టరు ఎంత తాగుతున్నారు, ఎన్నాళ్ళ నుంచి అని అడిగి, రక్తపరీక్ష చేయిస్తారు. తరువాత వారం పది రోజులు ఒంట్లోని మత్తు దిగేటట్లు, వణుకు, ఫిట్స్ రాకుండా మందులిస్తారు. తాగేవారిలో బి1 విటమిను తగ్గిపోతుంది గనుక అదీ ఇస్తారు. జబ్బు ముదరనివారికి ఇది ఇంటి దగ్గర ఉండి కూడా జరుగుతుంది. ముదిరినవారు ఆసుపత్రిలో చేరాలి. ముందుగా పోవడంలో ఉన్న లాభం ఇదే.

అసలు వైద్యం దీని తరువాత మొదలవుతుంది. నెలల తరబడి డాక్టరును కలుస్తూ ఉండాలి. ఏ వేళకు, ఎవరితో కలిసినప్పుడు మనసు లాగుతున్నదో చెప్పుకోవాలి. భార్యాబిడ్డలతో కూడా డాక్టర్లు మాట్లాడతారు. మద్రాసులో శాంతి రంగనాథన్ గారి భర్త 1979లో తాగుడు జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయారు. ఆమె 1980లో టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ స్థాపించి వేలమందికి వైద్యం అందేటట్లు చేశారు. 1992లో పద్మశ్రీ పొందారు. రోగితోపాటు కుటుంబానికీ సలహా ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి.

మధ్యలో మళ్ళీ తాగడం జరుగుతుంది. దానిని ఓటమిగా తీసుకోరాదు. చక్కెర జబ్బువాడు మిఠాయి తిన్నాడని మందు ఆపివేస్తామా? మళ్ళీ వెంటనే పోవాలి.

గని కార్మికులకు, వారి కుటుంబాలకు సింగరేణి ఆసుపత్రులు ఉన్నవి. రామకృష్ణాపూర్, గోదావరిఖని ఆసుపత్రులు మీకు తెలిసినవే. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొడితే గైర్హాజరు కింద పోతుంది. ఆసుపత్రికి పోయి చూపించుకుంటే జబ్బు కింద నమోదవుతుంది. ఉద్యోగం నిలబడడానికి ఇది కూడా దారి. మత్తులో బాయి దిగితే తన ప్రాణమే కాక పక్కవారి ప్రాణం కూడా పోతుందని వేరే చెప్పనక్కరలేదు. తక్కినవారికి మంచిర్యాలలో, రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కు ఫోను చేయండి. అది మత్తు అలవాట్లు మానదలచినవారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. మనసు బాధలకు 14416 ఉన్నది. రెండూ ఉచితమే. తాగే మనిషి ఒప్పుకోకపోయినా, ఇంట్లోవారు ఫోను చేసి సలహా అడగవచ్చును.

సంఘం చేయగలిగినవి

ఇక సంఘాలకు మా మనవి. ఇవి ఖర్చు లేని పనులు.

1. పాలు పోసే మనిషి పేరుననే సభ్యత్వం, ఆమె పేరుననే బ్యాంకు ఖాతా ఉండాలి. బిల్లు అందులోనే జమ కావాలి. 2002లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్ళే. మనకు దగ్గరలోనే ఉన్న ఉదాహరణ అది.

2. సభ్యురాలు స్వయంగా అడగనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. వరసగా రెండు బిల్లులకు అడ్వాన్సు అడిగితే, ఏమి ఇబ్బందో ఏకాంతంగా కనుక్కోవాలి.

3. కారణం లేకుండా పాలు తగ్గిన ఇంటికి కార్యదర్శి ఒకసారి పోవాలి. పశువైద్యుణ్ణి పంపినట్లే, ఇంట్లో మనిషి సంగతి కూడా మంచిగా అడగాలి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళు మాట్లాడితే మేలు.

4. తెలిసిన సంగతి కేంద్రం దగ్గర క్యాన్ల మధ్య చర్చించరాదు. ఒక ఇంటి పరువు పోతే మరి పది ఇళ్ళవారు నోరు విప్పరు.

5. ఆసుపత్రికి పోయినవారి ఇంటి పాలు ఆ వారం పది రోజులు పితికి పోయడానికి ఇరుగుపొరుగు సభ్యులు వంతులు వేసుకోవాలి. గేదెను చూసేవారు లేరనే కారణంతో చాలామంది ఆసుపత్రిలో చేరడం లేదు.

6. ఆ రెండు ఫోను నంబర్లు పాలు పోసే చోట, రేట్ల చార్టు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఒక్కరి కోసం అందరు, అందరి కోసం ఒక్కరు అని మనం సహకార వారోత్సవాలలో చెప్పుకుంటాము. వంతు వేసుకుని పొరుగింటి గేదెను పితికిన రోజున ఆ మాటకు అర్థం వస్తుంది.

ఈ సమావేశం ముగిసేలోగా అయిదవ అంశాన్ని ప్రతి సంఘం తీర్మానంగా రాసుకోవాలని కోరుతున్నాము. వచ్చే తనిఖీలో మేము తీర్మానాల పుస్తకం చూస్తాము. ఏ ఇంటివారు ఆసుపత్రికి పోయారని అడగము. ఎన్ని రోజులు వంతులు నడిచినవని మాత్రం అడుగుతాము.

 సాయంత్రం పాల వేళ అయింది. సెలవు.